జయపురంలో లేపుడు మంచం: మా వ్యాను పని డైరీ

అక్టోబరు మొదటి వారం

పగలు నేల ఖాళీగా ఉండాలి, రాత్రి ఇద్దరు కాళ్లు చాపుకుని పడుకోవాలి. వ్యానులో కట్టబోయే మంచానికి మేం పెట్టుకున్న షరతు ఇదే.

మాది కుట్టుమిషన్ల మరమ్మతు పని. ఒడిశాలోని జయపురంలో దుకాణం ఉన్నా, వారంలో సగం కొరాపుట్ జిల్లా సంతల్లోనే గడుస్తుంది. గురువారం ఒనుకుడెల్లి, శుక్రవారం కుందులి. వ్యాను వెనక తలుపులు తీసి, లోపల నేలమీదే మిషన్లు విప్పి బాగుచేసి ఇస్తాం. స్టాండ్లు, హెడ్లు, పనిముట్ల పెట్టెలు, మధ్యలో నేను కూర్చోవడానికి పీట. వీటన్నిటికీ చోటు కావాలి. చీకటి పడ్డాక ఘాట్ రోడ్డు మీద ఇంటికి పరుగెత్తే పని ఇక వద్దని ఇద్దరం అనుకున్నాం. పని లేని రోజుల్లో దేవమాలి కొండకో, గుప్తేశ్వరానికో వెళ్లి రాత్రి అక్కడే ఉండాలన్నది నా భార్యకు చాలాకాలంగా ఉన్న కోరిక.

బండి పాత టెంపో ట్రావెలర్. సీట్లు విప్పే ముందు రవాణా కార్యాలయానికి వెళ్లాం. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. సీట్ల సంఖ్య కూడా ఆ పత్రంలో రాసి ఉంటుంది. అందుకని అనుమతి కాగితం చేతికొచ్చాకే స్పానరు పట్టాం. ఇలాంటి పని తలపెట్టిన వాళ్లు ఈ మెట్టు దాటేయకండి. మంచం ఎంత బాగా కుదిరినా, పత్రంలో ఒకటీ బండిలో ఒకటీ ఉంటే తనిఖీలోనూ బీమాలోనూ చిక్కే.

లోపలి కొలతలు: తొడుగు వేశాక వెడల్పు 66 అంగుళాలు, ఎత్తు 72. మంచానికి అనుకున్నది పొడవు 74, వెడల్పు 42.

నాలుగు పద్ధతులు కాగితం మీద గీసుకున్నాం. కదలని మంచం కట్టి కింద సామాను పెట్టడం అన్నిటికంటే తేలిక, కానీ నేల శాశ్వతంగా పోతుంది. లాగితే బయటికొచ్చే పట్టీల మంచం మూసినప్పుడు కూడా సగం చోటు తింటుంది, పైగా రోజూ పరుపు మడవాలి. తాళ్లు, కప్పీలతో పైకప్పుకు ఎత్తే మంచం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అయితే నాలుగు మూలలూ సమానంగా లేవాలి, బరువంతా పైకప్పు మోయాలి, 72 అంగుళాల ఎత్తులో దాని కింద నిలబడితే తల తగులుతుంది. మిగిలింది, కుడివైపు గోడ పక్కన బందులు వేసి, తలుపులా లేపి నిలబెట్టే మంచం. దాన్నే ఖాయం చేశాం.

అక్టోబరు మధ్య

గోడ నిటారుగా లేదు. బయటి నుంచి చూస్తే తెలియదు గాని, తూకపు గుండు వేలాడదీస్తే బయటపడింది. నేల నుంచి 18 అంగుళాల ఎత్తులో గోడ ఎక్కడుందో, 60 అంగుళాల దగ్గర అంతకంటే కాస్త లోపలికి వాలి ఉంది. బందులు గోడకు ఆనించి వేస్తే మంచం నిలువుగా లేవదు. పైఅంచు గోడకు తగిలి, ముందుకు వాలినట్టే ఆగిపోతుంది. అలా ముందుకు వాలిన బరువు ప్రతి గుంతలోనూ మీద పడాలనే చూస్తుంది. కాబట్టి బందుల వరుసను గోడ నుంచి అయిదు అంగుళాలు ఇవతలికి తెచ్చాం. ఆ సందు వృథా కాదు. టార్చి, మంచినీళ్ల సీసా, కళ్లద్దాలు పెట్టుకునే పొడవాటి అర అక్కడే వస్తుంది. నడవడానికి ఎడమవైపు 19 అంగుళాలు మిగులుతాయి.

18 అంగుళాల ఎత్తు నా భార్య మోకాలి కొలత. వెనక చక్రం గూడు కూడా దాని కిందే ఇముడుతుంది, మిషను హెడ్ల పెట్టెలు దూరతాయి.

చెక్కపని చేసే మేస్త్రి గారిది పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. మా వీధిలో అలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది మరి. వెల్డింగ్ కుర్రవాడు ఒడియా అబ్బాయి. తెలుగు బాగా అర్థమవుతుంది, జవాబు మాత్రం రెండు భాషలూ కలిపి చెబుతాడు. పనిలో కొలతలన్నీ అంగుళాల్లో, లెక్కలన్నీ కిలోల్లో సాగాయి.

మేస్త్రి గారితో మొదటిరోజే బరువు దగ్గర పేచీ వచ్చింది.

"ఇద్దరు పడుకునే మంచానికి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు ఉండాలి బాబూ. చట్రం గుగ్గిలం చెక్కతో చేద్దాం. మీ మనవలు కూడా వాడుకుంటారు" అన్నారాయన.

"ఇంట్లో అయితే మీ మాటే నా మాట మేస్త్రి గారూ. ఇది రోజూ చేత్తో ఎత్తాల్సిన మంచం. ముందు బరువు లెక్క చూద్దాం" అన్నాను.

18 మిల్లీమీటర్ల పూర్తి పలక వేస్తే ప్లైవుడ్డే 23 కిలోలు దాటుతుంది. గుగ్గిలం చెక్క అంతకంటే బరువైన సరుకు. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్డును నాలుగు అంగుళాల పట్టీలుగా కోసి, ఏడు పట్టీలు రెండు అంగుళాల పైచిలుకు సందుతో పరిస్తే పదిన్నర కిలోలకు దిగుతుంది. పట్టీలు వంగకుండా కింద ప్రతి 15 అంగుళాలకు ఒక ఇనుప అడ్డకమ్మీ ఉంటుంది. మేస్త్రి గారు ఒక ముక్క కోసి, రెండు ఇటుకల మీద 15 అంగుళాల దూరంలో పెట్టి, దానిమీద తానే ఎక్కి నిలబడ్డారు. పట్టీ కాస్త వంగి మళ్లీ తిన్నగా అయింది. దిగి, "సరే, కోసేస్తాను" అన్నారు. ఆయన దగ్గర నాకు నచ్చేది అదే. మాటతో ఒప్పుకోరు, చెక్క ఒప్పుకుంటే ఒప్పుకుంటారు.

ప్లైవుడ్డు ఐఎస్ 710 గుర్తున్నది, అంటే నీటికి తట్టుకునే మెరైన్ రకం, కొన్నాం. కొరాపుట్ వానల్లో మామూలు రకం అంచుల దగ్గర పొరలు విడిపోతుంది. కోసిన అంచులకు వార్నిష్ రెండు పూతలు పడాలి. నీళ్లు దూరేది అంచుల నుంచే.

అక్టోబరు చివర

చట్రం అయింది. అంగుళం స్క్వేర్ పైపు, 16 గేజి. చుట్టూ ఒక చట్రం, మధ్యలో నాలుగు అడ్డకమ్మీలు, మొత్తం పన్నెండు కిలోలు. అల్యూమినియం అయితే మూడో వంతు బరువే. కానీ దానికి వేరే వెల్డింగ్ కావాలి, అతుకు విడితే దారిలో బాగుచేసేవాళ్లు దొరకరు. ఇనుపచట్రం విరిగితే ఏ సంతలోనైనా అతికించే మనిషి ఉంటాడు. మా తిరుగుడుకు ఆ భరోసా ముఖ్యం.

వెల్డింగ్ అంతా బండి బయటే జరిగింది. లోపల నట్లు, బోల్టులు మాత్రమే. ఏ చిన్న అతుకైనా బండిలోనే వేయాల్సి వస్తే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పాలి, రబ్బరు చాప ఎత్తేయాలి.

బందులు మోసే నిలువు కమ్మీలను గోడ రేకుకు బిగించలేదు. రేకు పలచన, మరలు పట్టినట్టే ఉండి కొన్నాళ్లకు రంధ్రాలు పెద్దవవుతాయి. సీట్లు తీశాక నేలలో మిగిలిన కర్మాగారపు బోల్టు రంధ్రాలు ఉన్నాయి కదా, మనుషుల బరువు మోయడానికి ఏర్పడ్డ చోట్లు అవి. కమ్మీల పాదాలు అక్కడే కూర్చోబెట్టి 10 మిల్లీమీటర్ల బోల్టులు, నైలాక్ నట్లు (కుదుపుకు వదులు కాకుండా లోపల నైలాన్ వలయం ఉండేవి) వేశాం. పైకొసలు పైకప్పు ఇనుప కమానుకు బిగించాం.

బందులు కొట్లో దొరికేవి వద్దన్నాను. తలుపు బందులో పిన్ను సన్నగా ఉంటుంది, ఏడాది తిరిగేసరికి వదులై చప్పుడు మొదలవుతుంది. వెల్డింగ్ అబ్బాయి 16 మిల్లీమీటర్ల కడ్డీ తీసుకుని, అది బిగువుగా తిరిగే గొట్టం ముక్కలు కోసి, ఒకటి చట్రానికి, ఒకటి కమ్మీకి అతికాడు. అలా మూడు చోట్ల. మూడూ ఒకే వరుసలో లేకపోతే మంచం లేవదు. అందుకని ఒకే పొడవాటి కడ్డీని మూడింటిలోంచీ దూర్చి ఉంచి, అతుకులు పూర్తిగా చల్లారాక బయటికి లాగి చూశాడు. అడ్డం లేకుండా వచ్చేసింది. లోపల గ్రీజు పెట్టి మళ్లీ ఎక్కించాడు.

"అన్నయ్యా, మీ మిషను షాఫ్టులా తిరుగుతోంది" అన్నాడు. నిజమే, వేలితో తోస్తే తిరిగింది, పక్కకు ఊపితే ఊగలేదు.

నవంబరు, కార్తికం

ఈ మధ్య ఇళ్లల్లో హైడ్రాలిక్ మంచాలని పిలిచే వాటికి వాడేవి నిజానికి గ్యాస్ స్ప్రింగులు. గొట్టంలో ఒత్తిడితో నింపిన నత్రజని కడ్డీని బయటికి తోస్తుంది. ఎంత బలంతో తోస్తుందో గొట్టం మీదే న్యూటన్లలో రాసి ఉంటుంది. 500 అని ఉంటే సుమారు 51 కిలోల తోపు. కొట్టుకు వెళ్లి "మంచం స్ప్రింగు ఇవ్వండి" అంటే చేతికి ఏదో ఒకటి వస్తుంది. మన మంచానికి ఏది కావాలో లెక్క కట్టుకునే వెళ్లాలి. ఆ లెక్క ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

పరుపు, పట్టీలు, చట్రం, కాళ్లు అన్నీ కలిపి 32 కిలోలు. పరుపు 40 సాంద్రత గల నాలుగు అంగుళాల ఫోము, తొడుగుతో ఎనిమిదిన్నర కిలోలు. మంచం వెడల్పు 107 సెంటీమీటర్లు, బరువు కేంద్రం సగంలో, అంటే బందు నుంచి 53 సెంటీమీటర్ల దూరంలో. 32ను 53తో గుణిస్తే 1,696. ఇది మంచాన్ని కిందికి తిప్పే బలం, కిలో-సెంటీమీటర్లలో. స్ప్రింగులు లేకుండా అంచు పట్టుకుని ఎత్తాలంటే 1,696ను 107తో భాగించాలి, దాదాపు 16 కిలోలు. ఎత్తగలం, కానీ ఇరుకులో నడుము వంచి రోజూ ఎత్తే బరువు కాదు.

స్ప్రింగు పైకొసను చట్రానికి, బందు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టాం. కిందికొస నిలువు కమ్మీకి, బందు కంటే పదకొండున్నర సెంటీమీటర్లు కింద, మూడు సెంటీమీటర్లు ఇవతల. మంచం పరిచి ఉన్నప్పుడు స్ప్రింగు గీతకూ బందుకూ మధ్య లంబదూరం ఇంచుమించు 12 సెంటీమీటర్లు. రెండు స్ప్రింగులు, ఒక్కొక్కటి 51 కిలోలు. 102ను 12తో గుణిస్తే 1,224. చేతికి మిగిలేది 472, అంచు దగ్గర నాలుగున్నర కిలోల లోపే.

"ఇంకో సైజు పెద్దది వేస్తే చెయ్యి పెట్టే పనే ఉండదు కదా?" అని మేస్త్రి గారు అడిగారు. మంచి ప్రశ్న. ఆ నాలుగున్నర కిలోలు కావాలనే మిగిల్చాను. పరుపు తీసేస్తే మంచం బరువు ఇరవై మూడున్నర కిలోలకు పడిపోతుంది, తిప్పే బలం 1,245. స్ప్రింగుల 1,224కు ఇంచుమించు సమానం. పైగా గ్యాసు వేడికి బలపడుతుంది, పది డిగ్రీలకు సుమారు మూడు శాతం చొప్పున. మే నెలలో ఎండలో నిలిపిన బండిలో, పరుపు ఆరేయడానికి తీసిన పూట, మంచం తనంతట తాను లేస్తుంది. కింద ఎవరైనా వంగి ఉంటే గడ్డానికే. అందుకే పరిచి ఉన్నప్పుడు కూడా అంచుకు ఒక గొళ్ళెం పెట్టించాను. మరీ బలమైన స్ప్రింగులైతే పరుపు ఉన్నా అదే ప్రమాదం. పరుపు, పట్టీలు పూర్తికాక ముందు స్ప్రింగులు బిగించకూడదన్నదీ ఇందుకే.

స్ప్రింగు కొనేటప్పుడు చూడాల్సినవి మరి రెండు. మూసినప్పటి పొడవు, తెరిచినప్పటి పొడవు. మాకు మూసినప్పుడు 29, తెరిచినప్పుడు 42 సెంటీమీటర్ల దరిదాపు కావాలి. అట్టముక్కతో చట్రం నమూనా చేసి, గుండుసూది బందుగా గుచ్చి, దారంతో ఆ దూరాలు కొలిచాను. లెక్కతో సరిపోయింది. బిగించేటప్పుడు సన్నకడ్డీ కొస కిందికి ఉండాలి. లోపలి నూనె సీలు మీద నిలిచి అది ఎండిపోకుండా ఉంటుంది.

అట్టనమూనా ఇంకో సంగతి చూపింది. ఈ పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది అదే. మంచం నిలువుగా లేచాక స్ప్రింగు గీత దాదాపు బందు మీదుగానే పోతుంది. లంబదూరం 12 నుంచి రెండు సెంటీమీటర్లకు పడిపోతుంది. అంటే ఎత్తడానికి అంత సాయం చేసిన స్ప్రింగుకు, ఎత్తాక నిలబెట్టే బలం ఉండదు. స్ప్రింగులు ఉన్నాయి కదా అని లేపిన మంచాన్ని అలా వదిలేసి బండి నడపడం చాలా ప్రమాదం. పడుకున్నప్పుడు మంచం చేసే పని తక్కువ. గోడకు నిలబెట్టి ఘాట్ ఎక్కినప్పుడే దానికి అసలు పరీక్ష.

నవంబరు చివర

గొళ్ళేనికి ఎంత బలం కావాలి? మలుపులో బండి మంచాన్ని పక్కకు దాని బరువులో సగంతో లాగుతుందని అనుకుందాం, 16 కిలోలు. అది సగం ఎత్తులో పనిచేస్తుంది, గొళ్ళెం పైఅంచున ఉంది, కాబట్టి గొళ్ళెం మీద పడేది ఎనిమిది కిలోలు. గుంతలో దిగినప్పుడు దానికి రెండింతలో మూడింతలో. ఏ ఇనుప గొళ్ళెమైనా ఇంత మోస్తుంది. ఇక్కడ జయించాల్సింది బరువును కాదు, వదులును. కుట్టుమిషను బాగుచేసే వాడికి ఇది రోజూ కనబడే విషయం. మర విరిగి వచ్చే మిషన్లు అరుదు, మర వదులై వచ్చేవే అన్నీ.

అందుకే తలుపులకు వేసే టవర్ బోల్టు వద్దనుకున్నాం. అది అడ్డంగా జరిగే గడియ. బ్రేకు వేసిన ప్రతిసారీ, గుంత వచ్చిన ప్రతిసారీ వెంట్రుకవాసి జరుగుతుంది. సుంకి ఘాట్ లాంటి దారిలో పైనుంచి కిందికి దిగేలోగా బయటికి రాగలదు. లారీల వెనక తలుపుకు పిన్ను పైనుంచి కిందికి దిగేలా పెడతారు, చూశారా? కుదుపు దాన్ని ఇంకా లోపలికే దించుతుంది. మేమూ అదే పద్ధతి పట్టాం. మంచం అంచుకు మందపాటి ఇనుప నాలుక, నిలువు కమ్మీకి దాన్ని పట్టే గాడి, రెండిటి రంధ్రాల్లోంచి కిందికి జారే పిన్ను. పిన్ను కింద కొస కాస్త సన్నం, పైకి పోనుపోను లావు. దిగేకొద్దీ నాలుకను గాడిలోకి లాగి బిగిస్తుంది. కింద కొసలో స్ప్రింగు క్లిప్పు. పిన్నూ క్లిప్పూ రెండూ గొలుసుతో కమ్మీకే కట్టి ఉన్నాయి, చీకట్లో వెతుక్కోనక్కర్లేదు. ఇలాంటివి రెండు, తలవైపు ఒకటి, కాళ్లవైపు ఒకటి. వీటికి తోడు నడుమ ఒక రాచెట్ బెల్టు, పిడి ఆడించి బిగించే పట్టా. ఒకటి పోయినా మిగిలినవి ఆపాలి.

నా భార్య పెట్టిన షరతు ఒకటుంది. "ఏమండీ, మీరు కింద టీ కాస్తూ ఉంటే నేనొక్కదాన్నే దించుకోగలగాలి. మీరు వచ్చేదాకా నిలబడి ఉండలేను." కాబట్టి రెండు పిన్నులూ ఆమె చేతికి అందే ఎత్తులోనే ఉన్నాయి. ఒక పిన్ను తీసి, నడిచి రెండోది తీసేదాకా బెల్టు మంచాన్ని పట్టి ఉంచుతుంది. చివరగా బెల్టు వదిలి, అంచుకున్న గుడ్డపిడి పట్టుకుని దించడమే. ఆమె దించుతుంటే పక్కన నిలబడి చూశాను. ఒక చెయ్యి పిడి మీద, ఒక చెయ్యి గోడ మీద. మంచం కాళ్లు వాటంతట అవి తెరుచుకుని నేలకు ఆనాయి. గొళ్ళెం వేసి, కూర్చుని, "పరుపు జారుతోంది" అంది. మర్నాడే పరుపు తొడుగుకు అడుగున పట్టీలు కుట్టి చట్రానికి చుట్టింది. ఇప్పుడు మంచం నిలబెట్టినా పరుపు కదలదు, దుప్పటి కూడా దాని లోపలే ఉండిపోతుంది.

బరువు పరీక్షకు సిమెంటు బస్తాలు వాడాం. ఒక్కోటి 50 కిలోలు, నాలుగు బస్తాలు. ముందు మంచమంతా పరిచి, తరువాత నాలుగూ బయటి అంచు మీదికి తెచ్చి. ఇద్దరం పక్కపక్కన అంచు మీద కూర్చుంటే మంచం కాళ్ల మీద పడే బరువు అంతకంటే తక్కువే. కాళ్ల అడుగున మూడు అంగుళాల ఇనుప బిళ్లలు వేయించాం, లేకపోతే నేల ప్లైవుడ్డులో గుంటలు పడతాయి. బస్తాలు రాత్రంతా ఉంచాం. పొద్దున దారం కట్టి చూస్తే చట్రం వంగలేదు.

తరువాత ఘాట్. మంచం లేపి, పిన్నులు వేసి, జయపురం నుంచి కొరాపుట్ ఎక్కాం. అక్కడి నుంచి సిమిలిగుడ, పొట్టంగి మీదుగా సుంకి ఘాట్ దిగి సాలూరు దాకా వెళ్లి వచ్చాం. నా భార్య వెనక కూర్చుని, చెవి మంచానికి ఆనించి, ఎక్కడ చప్పుడు వస్తే అక్కడ సుద్దముక్కతో గుర్తుపెట్టింది. పిన్నుల దగ్గర చప్పుడే లేదు. ముడిచిన కాళ్లు చట్రానికి కొట్టుకుంటున్నాయి, రాచెట్ బెల్టు కొక్కెం కమ్మీకి తగులుతోంది. పాత లారీ ట్యూబు ముక్కలు కోసి రెండు చోట్లా అతికించాం. తిరుగు ప్రయాణంలో ఘాట్ ఎక్కుతుంటే ఇంజను చప్పుడు మాత్రమే వినబడింది. బోల్టులన్నిటికీ పెయింటుతో చుక్కలు పెట్టి ఉంచాను, నట్టు మీద సగం, కమ్మీ మీద సగం. ఇల్లు చేరాక చూస్తే చుక్కలన్నీ కలిసే ఉన్నాయి. ఆ చుక్కల్ని ప్రతి సంతకూ బయలుదేరే ముందు టార్చితో ఒకసారి చూస్తాను.

డిసెంబరు

దేవమాలి. 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం. కొండ మీద గడ్డి, గాలి, రాత్రికి ఎముకలు కొరికే చలి. చలిలో గ్యాస్ స్ప్రింగు బలం ఎంత తగ్గుతుందో చూడాలనే వెళ్లాం. లెక్క ప్రకారం 30 డిగ్రీల నుంచి అయిదు డిగ్రీలకు దిగితే ఎనిమిది శాతం తగ్గాలి, చేతికి మిగిలే బరువు నాలుగున్నర నుంచి అయిదున్నర కిలోలు కావాలి. తెల్లవారుజామున తూకపు కొక్కెం అంచుకు తగిలించి లాగాను. అయిదు దాటింది. ఎత్తేటప్పుడు తేడా తెలుస్తుంది గాని, కష్టం లేదు.

చలిరాత్రి ఇంకో శత్రువు చెమ్మ. మూసిన బండిలో ఇద్దరి ఊపిరిలోని తేమ చల్లటి చోటల్లా నీరవుతుంది. అద్దాల మీద కనబడేది సరే, కనబడకుండా చేరేది పరుపు అడుగున. ఒంటి వేడి పైనుంచి, చలి కింది నుంచి. పూర్తి పలక వేసి ఉంటే పొద్దునకు పరుపు అడుగు తడిసి, నెల తిరిగేసరికి బూజు పట్టేది. పట్టీల సందుల్లోంచి గాలి ఆడింది. పొద్దున మంచం లేపి, చెయ్యి పెట్టి చూశాను. పట్టీలు ఆనిన చోట కాస్త చల్లగా ఉంది, సందుల దగ్గర పొడి. అరగంట అలా లేపి ఉంచి, ఎడమవైపు తలుపు తీస్తే అదీ ఆరిపోయింది. లేపుడు మంచానికి ఉన్న మరో లాభం ఇది, రోజూ పరుపు అడుగుకు గాలి తగులుతుంది. రాత్రి రెండు కిటికీలు వేలెడంత తెరిచి ఉంచాం. పొయ్యి మాత్రం ఎంత చలైనా లోపల వెలిగించలేదు. మూసిన బండిలో నిప్పు ఊపిరి తీసేస్తుంది.

కొండ మీద నేల చదునుగా ఉండదు. బండి కుడికి వాలితే తల రక్తం గోడవైపు పోయినట్టు ఉంటుందని నా భార్య ఫిర్యాదు. చక్రాల కింద పెట్టడానికి మేస్త్రి గారు కోసి ఇచ్చిన రెండు ఏటవాలు దిమ్మలు ఇప్పుడు మంచం కింద హెడ్ల పెట్టెల పక్కనే ఉన్నాయి. సీసాలో సగం నీళ్లు పోసి నేల మీద పడుకోబెట్టి చూస్తే వాలు తెలిసిపోతుంది.

జనవరి

కుందులి సంతలో మంచం లేపి ఉండగా నాలుగు స్టాండ్లు ఒకేసారి నేల మీద నిలబడ్డాయి, నాకు పీట వేసుకునే చోటు కూడా మిగిలింది. సాయంత్రానికి స్టాండ్లు వెనక తలుపువైపు జరిపి, హెడ్లు పెట్టెల్లో పెట్టి కిందికి తోసి, మంచం దించుకున్నాం.

ఖర్చు రాసిపెడుతున్నాను. ప్లైవుడ్డు 3,300, ఇనుము 1,900, స్ప్రింగులు జత 1,400, ఫోము 4,200, బోల్టులు, బెల్టు, రబ్బరు, పెయింటు కలిపి 1,600 రూపాయలు. మేస్త్రి గారికి, వెల్డింగ్ అబ్బాయికి కూలి విడిగా ఇచ్చాం. మేస్త్రి గారు కోయగా మిగిలిన 16 అంగుళాల ప్లైవుడ్డు ముక్క గోడ పక్క అరకు సరిపోయింది.

మందుల కొట్టు మిత్రుడు వచ్చి చూసి, తన ఈకో వ్యానులో కూడా ఇలాంటిదే కావాలన్నాడు. కొలతలు తీసుకుని చూశాను. 18 అంగుళాల మీద 42 నిలబెట్టాలంటే లోపల కనీసం 60 అంగుళాల ఎత్తు కావాలి, ఆ బండిలో అంత లేదు. వెడల్పు తగ్గించి ఒక్కరికి సరిపడేలా 28 అంగుళాలు చేస్తే, బందు ఎత్తు 12కు దించితే నిలబడుతుంది. కానీ అప్పుడు బరువు, లంబదూరాలు అన్నీ మారతాయి. ఈ స్ప్రింగులు దానికి మరీ బలమైనవి, మంచాన్ని ఎగరేస్తాయి. ఆదివారం అట్టముక్క, గుండుసూది, దారం పట్టుకుని వాళ్లింటికి వెళుతున్నాను. ముందు ఆ గోడకు తూకపు గుండు వేలాడదీసి, వాలు ఎంతో చూడాలి.